కిర్గిజ్‌స్థాన్ గుర్రపు ఆటలు, కుస్తీలు, కొత్త క్రీడలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎంబీబీఎస్ చదువుకని బిష్కెక్‌కో, ఓష్‌కో వెళ్లిన తెలుగు పిల్లలు మొదటి వేసవిలోనే ఇంటికి ఒక వీడియో పంపిస్తారు. గుర్రాల మీద మనుషులు, మధ్యలో ఒక మేక కళేబరం, చుట్టూ దుమ్ము. ఇంట్లోవాళ్లు వరసగా ప్రశ్నలు వేస్తారు. ఆ ప్రశ్నలకూ, చూడ్డానికి వెళ్లేవాళ్లు, గుర్రం ఎక్కి చూద్దామనుకునేవాళ్లు అడిగే వాటికీ జవాబులివి.

అక్కడ గుర్రానికి అంత స్థానం ఎందుకు?

దేశంలో అధిక భాగం కొండలే. శీతాకాలం లోయలో గడిపి, మంచు కరగగానే మందలతో పైనున్న పచ్చిక మైదానాలకు వెళ్లడం కిర్గిజ్ జీవన పద్ధతి. ఆ మైదానాన్ని జైలూ అంటారు. అక్కడ గుర్రమే వాహనం, దాని పాలే పానీయం, దాని మాంసమే విందు. ‘గుర్రం మనిషికి రెక్కలు’ అని వాళ్ల సామెత.

ఆటలన్నీ ఆ పనిలోంచే పుట్టాయి. జీను మీదనుంచి వంగి గొర్రెపిల్లను ఎత్తుకోవడం, తోడేలును తరమడం, దూరపు బంధువులకు కబురు మోసుకెళ్లడం రోజూ చేసే పనులే. వాటికే పందెం కట్టారు. పెద్దవాళ్లు పోయాక ఏడాదికి జరిపే సంస్మరణ విందు, అంటే ఆష్, ఈ పోటీలకు పాత వేదిక. మనాస్ అనే కిర్గిజ్ వీరుడి గాథలో కోకోతోయ్ అనే పెద్దమనిషి ఆష్ ఘట్టం చదివితే గుర్రప్పందేలు, కుస్తీలు, విలువిద్య వరసగా కనిపిస్తాయి. బిష్కెక్‌లోని పందెపు మైదానానికి అక్-కులా అని పేరు. అది మనాస్ గుర్రం పేరు.

వీడియోలో ఉన్న ఆ మేక ఆట ఏమిటి?

కోక్-బోరు. మాటకు అర్థం బూడిదరంగు తోడేలు. మందమీద పడ్డ తోడేలును కాపరులు వెంటాడి, ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుంటూ ఊరికి తెచ్చేవారని, ఆట అక్కడే మొదలైందని చెప్పుకుంటారు. ఇప్పుడు తోడేలు బదులు మేక. దాన్ని ఉలాక్ అంటారు. తల, మోకాళ్ల కింది కాళ్లు తీసేసి, లోపలి పేగులు తీసి కుట్టేస్తారు. బరువు 30 నుంచి 35 కిలోల దాకా ఉంటుంది. సిమెంటు బస్తా 50 కిలోలు. అందులో మూడింట రెండు వంతుల బరువును పరిగెత్తే గుర్రం మీదనుంచి ఒంటిచేత్తో నేల మీదినుంచి ఎత్తాలన్నమాట.

పద్ధతి ప్రకారం ఆడే ఆటలో రెండు జట్లు. ఒక్కో జట్టుకు 12 మంది ఉన్నా మైదానంలో ఒకేసారి నలుగురే. మైదానం పొడవు సుమారు 200 మీటర్లు, వెడల్పు 80. రెండు చివర్లా తాయ్ కజాన్ అనే గోలు ఉంటుంది. మట్టితో కట్టిన పెద్ద బావి గట్టులా ఉంటుంది. బయటి వ్యాసం సుమారు 4.4 మీటర్లు, ఎత్తు మీటరుకు కాస్త పైన, మధ్యలో గుంట. ఉలాక్ ఆ గుంటలో పడితే గోలు. 20 నిమిషాల చొప్పున మూడు భాగాలు, మధ్యలో విరామాలు.

యునెస్కో 2017లో ఈ ఆటను సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఉలాక్‌ను ఎలా ఎత్తుతారు? చూస్తే మాయలా ఉంటుంది.

మాయ ఏమీ లేదు, మోకాలు ఉంది. ఆటగాడు ముందు కొరడాను, అంటే కమ్చాను, పళ్ల మధ్య పెట్టుకుంటాడు. చేతులు ఖాళీ కావాలి కదా. గుర్రాన్ని ఉలాక్ పక్కకు తెచ్చి, అవతలి కాలి మడమను జీనుకు కొక్కెంలా తగిలించి, ఒక చేత్తో జూలో, జీను ముందుభాగమో పట్టుకుని, నడుము నుంచి కిందికి వేలాడతాడు. రెండో చేత్తో ఉలాక్ కాలో, బొచ్చో దొరకబుచ్చుకుంటాడు. అంతవరకూ సగం పనే.

పైకి లాగిన వెంటనే దాన్ని తొడకూ జీనుకూ మధ్య దూర్చి మోకాలి మడతతో నొక్కిపెట్టాలి. ఆ మడతను తకిమ్ అంటారు. తకిమ్ బలం లేనివాడు ఎంత కండలున్నా పనికిరాడు, ఎందుకంటే పక్కనుంచి ఇద్దరు లాగుతుంటే చేతి పట్టు రెండు క్షణాలు కూడా నిలవదు. కొత్తవాళ్లు చేసే తప్పు ఇక్కడే. చేత్తో పట్టుకుని దౌడు తీస్తారు, పది గజాలు పోకముందే ఉలాక్ అవతలివాడి తొడ కింద ఉంటుంది.

మిగతా సగం గుర్రానిది. మంచి కోక్-బోరు గుర్రం ఎదుటి గుర్రాన్ని భుజంతో తోస్తుంది, రౌతు కిందికి వంగినప్పుడు కదలకుండా ఆగుతుంది, కజాన్ కనిపించగానే చెప్పకుండానే దానిమీదికి దూకుతుంది. చివరి ఘట్టంలో రౌతు ఉలాక్‌తో సహా గట్టు మీద పడిపోవడం మామూలే. అందుకే చాలామంది తలకు మెత్త ఉన్న టోపీ పెడతారు. పాత సోవియట్ ట్యాంకు సిబ్బంది టోపీలు ఇప్పటికీ ఈ మైదానాల్లో కనిపిస్తాయి.

ప్రత్యర్థిని గానీ అతని గుర్రాన్ని గానీ కమ్చాతో కొట్టకూడదు. ఉలాక్‌ను జీనుకు కట్టేయకూడదు. ఈ రెండిటి మీదే రిఫరీలతో ఎక్కువ గొడవలు.

చనిపోయిన మేకతో ఆడటం క్రూరం కాదా? ఆట అయ్యాక దాన్ని ఏం చేస్తారు?

మేకను ఆటకు ముందే కోస్తారు, మనవైపు జాతరకు కోసినట్టే. ఆట అయ్యాక పారేయరు, గెలిచినవాళ్లు వండుకుంటారు. అంతసేపు దెబ్బలు తిన్న మాంసం మెత్తగా ఉంటుందని వాళ్ల మాట. కొన్ని పోటీల్లో కళేబరం బదులు అదే బరువున్న బొమ్మను వాడుతున్నారు. పాతవాళ్లకు అది నచ్చదు. బొచ్చు దొరికే పట్టు వేరు, బొమ్మ మీద దొరికే పట్టు వేరు అంటారు. మాటలో నిజముంది.

అడగాల్సిన ప్రశ్న గుర్రాల గురించి. గుర్రాలు ఢీకొంటాయి, కాళ్లకు గాయాలవుతాయి. మంచి జట్లు కాళ్లకు పట్టీలు చుడతాయి, ఆట మధ్యలో గుర్రాన్ని మారుస్తాయి. పల్లెటూరి ఆటలో ఈ జాగ్రత్తలు ఉంటాయని చెప్పలేం.

అఫ్ఘానిస్థాన్ బుజ్‌కషీ, కజఖ్‌ల కోక్‌పార్ ఇదేనా?

అన్నదమ్ముల్లాంటివి. బుజ్‌కషీలో కళేబరాన్ని ఒక జెండా చుట్టూ తిప్పి తెచ్చి గీసిన వలయంలో వేస్తారు, చాలాచోట్ల మేక బదులు దూడ ఉంటుంది. కోక్‌పార్‌లోనూ కజాన్ ఉంది కానీ కట్టడం, నియమాలు వేరు. అందుకే సంచార జాతుల ఆటలకు జరిగే అంతర్జాతీయ పోటీల్లో, అంటే ప్రపంచ సంచార క్రీడల్లో, కోక్-బోరు, కోక్‌పార్ రెండూ విడివిడి పోటీలు.

కిర్గిజ్‌స్థాన్‌లోనే ఇంకో రకం ఉంది, అలమన్ ఉలాక్. జట్లు లేవు, గోలు లేదు, వచ్చినవాళ్లందరూ దిగొచ్చు. ఒక్కోసారి వందలమంది. చేజిక్కించుకుని గుంపులోంచి బయటపడ్డవాడిదే గెలుపు. చూడ్డానికి ఇదే అసలు రుచి, చూసేవాళ్లకు ఇదే అసలు ప్రమాదం.

చూడ్డానికి వెళ్తే ఎక్కడ నిలబడాలి?

స్టేడియంలో అయితే గ్యాలరీలో కూర్చోండి, చింత లేదు. పల్లె మైదానంలో కంచె ఉండదు. గుర్రాల గుంపు దిక్కు మార్చుకోవడానికి మూడు నాలుగు సెకన్లు చాలు. ఊరివాళ్లు లారీల మీదో, వాలు మీదో, పెద్ద బండల వెనకో ఉంటారు. వాళ్లున్నచోటే ఉండండి. ఫోన్ తెరలో చూస్తూ నిలబడ్డవాడికి దూరం తెలియదు, తెరలో గుర్రం చిన్నగా కనిపిస్తుంది. గుంపు మీవైపు వస్తే అడ్డంగా పరిగెత్తకండి, దగ్గరున్న బండి వెనక్కి వెళ్లండి. కట్టేసిన గుర్రాల వెనకనుంచి నడవొద్దు, తన్నితే తగిలేది కడుపులోనో మోకాలి మీదో.

గుర్రప్పందేలు మన మలక్‌పేట రేసుల్లాంటివేనా?

మలక్‌పేటలో గుర్రం కిలోమీటరు నుంచి రెండున్నర, మూడు కిలోమీటర్ల లోపు పరిగెత్తుతుంది. రెండు మూడు నిమిషాల్లో తేలిపోతుంది. కిర్గిజ్ పెద్ద పందెం అత్ చబిష్ సంచార క్రీడల్లో సుమారు 22 కిలోమీటర్లు. పాతరోజుల్లో అంతకు మించి ఉండేది. మూడేళ్ల గుర్రాలకు కునన్ చబిష్ అని వేరే పందెం, దూరం అందులో సగం.

కాబట్టి శిక్షణే వేరు. గుర్రాన్ని పందేనికి సిద్ధం చేసేవాడు సాయప్కేర్. పచ్చిక మేసి కొవ్వెక్కిన గుర్రాన్ని రోజూ కొంచెం కొంచెంగా పరిగెత్తించి చెమట తీయిస్తాడు. దౌడు అయ్యాక మందపాటి గుడ్డ కప్పి, నెమ్మదిగా నడిపించి చల్లారుస్తాడు. రాత్రి తల వంచి మేయడానికి వీల్లేకుండా పగ్గం ఎత్తుగా కట్టి తెల్లవారేదాకా ఉంచుతాడు. కడుపునిండా గడ్డితో పరిగెత్తితే గుర్రానికి ఊపిరి ఆడదు, కడుపునొప్పి పట్టుకుంటే ప్రాణం మీదికే వస్తుంది. మరీ ఎండగడితే సగం దూరంలో చతికిలబడుతుంది. ఆ రెండింటి మధ్య గీత కనిపెట్టడమే సాయప్కేర్ విద్య. చెమట నీళ్లలా పల్చగా వస్తోందా, నురగలా జిగటగా వస్తోందా అని వేళ్లతో రుద్ది చూస్తాడు. పల్చబడితే సిద్ధమైనట్టు.

రౌతులు తేలికైన పిల్లలు. బరువు తగ్గితే గుర్రానికి మేలన్నది నిజమే. కానీ శిరస్త్రాణం లేకుండా పిల్లల్ని అంత దూరం పంపడం సంప్రదాయం పేరుతో సమర్థించుకోదగ్గ విషయం కాదు.

జోర్గో అంటే ఏం జాతి?

జాతి కాదు, నడక. మామూలు గుర్రం జోరుగా నడిచేటప్పుడు ముందు కుడికాలు, వెనక ఎడమకాలు కలిసి లేస్తాయి. జోర్గో గుర్రానికి ఒకే పక్క కాళ్లు రెండూ కలిసి లేస్తాయి. అందుకే రౌతు పైకీ కిందికీ ఎగరడు, పడవలో కూర్చున్నట్టు పక్కలకు కొద్దిగా ఊగుతాడు. పాలగిన్నె పట్టుకుని వెళ్లినా ఒలకదని గొప్పలు చెబుతారు. జోర్గో సాలిష్ ఈ నడకతో జరిగే పందెం. మధ్యలో గుర్రం దౌడులోకి మారితే తప్పు. చూసేటప్పుడు తలల్ని కాదు, కాళ్లను చూడండి.

ఇక జాతి సంగతి. స్థానిక కిర్గిజ్ గుర్రం పొట్టిది, గట్టి గిట్టలది, కొండదారుల్లో పడదు. సోవియట్ కాలంలో దాన్ని డాన్ గుర్రంతో, థరోబ్రెడ్‌తో కలిపి నోవోకిర్గిజ్ అనే పొడవైన జాతిని తయారుచేశారు. 1954లో దానికి గుర్తింపు వచ్చింది. మైదానపు ఆటలకు ఎత్తైన సంకర గుర్రాలు బాగుంటాయి. కొండ ఎక్కాలంటే పొట్టిదే నమ్మకం.

గుర్రం మీద కుస్తీ నిజంగా ఉందా?

ఉంది. ఎర్ ఎనిష్. చొక్కా లేకుండా ఇద్దరు రౌతులు ఎదురెదురుగా వచ్చి ఒకరినొకరు జీను మీదనుంచి లాగాలి. ఒంట్లో ఏ భాగమైనా నేలకు తగిలితే ఓటమి. చేతులు ఎంత లాగినా గుర్రం పక్కకు జరిగితే అంతా వృథా, కాబట్టి ఇక్కడా సగం కుస్తీ గుర్రమే పడుతుంది.

కిజ్ కూమైలో అబ్బాయి ముద్దు పెట్టుకుంటాడట కదా?

పట్టుకోగలిగితే. అమ్మాయి ముందు బయల్దేరుతుంది. అబ్బాయి వెంబడిస్తాడు. గీత దాటేలోపు అందుకుంటే ముద్దు. అందుకోలేకపోతే తిరుగుదారిలో అమ్మాయి అతన్ని తరుముతూ కమ్చాతో బాదుతుంది. ఆనవాయితీ ప్రకారం మంచి గుర్రం అమ్మాయికే ఇస్తారు, ముందు బయల్దేరే అవకాశమూ ఆమెదే. ఫలితం ఊహించుకోండి. ఇప్పుడిది ఎక్కువగా పండుగల్లో ప్రదర్శన.

ఇలాంటివే ఇంకో రెండు. తియిన్ ఎన్మేయ్‌లో దౌడు తీస్తూ నేలమీది నాణెం ఏరాలి. జాంబి అతూలో ఎత్తైన గుంజకు దారంతో వేలాడదీసిన వెండి ముద్దను గుర్రం మీదనుంచి బాణంతో పడగొట్టాలి. ఘనత ముద్దను కొట్టడంలో లేదు, దారం తెంపడంలో ఉంది.

డేగలతో వేట కూడా క్రీడేనా?

సల్బూరున్ అంటారు. బెర్కూత్ అనే బంగారు గద్ద, తైగన్ అనే వేటకుక్క, విలువిద్య మూడూ కలిసిన పోటీ. ఇస్సిక్-కుల్ సరస్సు దక్షిణ తీరంలోని బొకోన్‌బాయెవో ఈ వేటగాళ్లకు పేరున్న ఊరు. వేటకు ఆడ గద్దనే ఎంచుకుంటారు, మగదానికన్నా పెద్దది. బరువు ఐదారు కిలోలు. అంత బరువు చాచిన చేతిమీద గంటలకొద్దీ మోయలేరు కాబట్టి జీనుకు ఒక పంగకర్ర ఆనించి దానిమీద మోచేయి పెడతారు. కళ్లకు కట్టే తోలు టోపీని తొమొగో అంటారు. అది తీసేదాకా పక్షి ప్రశాంతంగా ఉంటుంది. ఫొటో కోసం టోపీ తీయమని అడగొద్దు, పక్కనున్న చిన్న కుక్కను చూసినా అది లేచిపోతుంది.

ప్రపంచ సంచార క్రీడలు ఎప్పుడు, ఎక్కడ జరుగుతాయి?

మొదటి మూడూ, 2014, 2016, 2018లో, ఇస్సిక్-కుల్ ఒడ్డున చోల్పోన్-అతాలో జరిగాయి. కోవిడ్ వల్ల 2020 పోయింది. 2022లో తుర్కియేలోని ఇజ్నిక్, 2024లో కజఖ్‌స్థాన్ రాజధాని అస్తానా ఆతిథ్యమిచ్చాయి. 2026 క్రీడలను మళ్లీ కిర్గిజ్‌స్థాన్‌కే కేటాయించారు.

క్రీడలు లేని ఏడాది కూడా చూడొచ్చు. మార్చి 21 నోరూజ్ పండుగకూ, ఆగస్టు 31 స్వాతంత్ర్య దినానికీ ఊరూరా పోటీలుంటాయి. జులై, ఆగస్టుల్లో జైలూల మీద చిన్న ఉత్సవాలు జరుగుతాయి.

ఒలింపిక్ క్రీడల్లో ఈ దేశం ఎందులో గట్టిది?

కుస్తీలో, అనుమానమే లేదు. మూలాలు అలిష్‌లో ఉన్నాయి. అలిష్ అంటే నడుము పటకా పట్టుకుని పడే కుస్తీ. పట్టు మొదలైంది మొదలు చేతులు పటకా వదలకూడదు. కాళ్లు వాడే రకం, వాడకూడని రకం రెండూ ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దపు జానపద మల్లుడు కోజోమ్‌కుల్ గుర్రాన్ని భుజాలమీద మోశాడని చెప్పుకుంటారు. బిష్కెక్ క్రీడా భవనం అతని పేరు మీదే ఉంది.

సోవియట్ జట్టు తరఫున కనీబెక్ ఓస్మొనాలియెవ్ 1980 మాస్కోలో వెయిట్‌లిఫ్టింగ్ స్వర్ణం గెలిచాడు. స్వతంత్ర దేశంగా మొదటి పతకం 2000 సిడ్నీలో ఐదిన్ స్మగూలోవ్ జూడో కాంస్యం. టోక్యోలో రెండు రజతాలు, ఒక కాంస్యం. మూడూ కుస్తీవే. 2024 పారిస్‌లో రెండు రజతాలు, నాలుగు కాంస్యాలు. అందులో ఒక్క బాక్సింగ్ రజతం తప్ప మిగతా ఐదూ మళ్లీ కుస్తీవే. స్వతంత్ర దేశంగా ఒలింపిక్ స్వర్ణం ఇంకా రాలేదు.

ఐసులూ తినిబెకోవా పేరు మనవాళ్లకు తెలిసే ఉండాలి. 2016 రియోలో మన సాక్షి మలిక్ కాంస్యం కోసం తలపడింది ఈమెతోనే. 0-5తో వెనకబడి, చివర్లో పుంజుకుని 8-5తో సాక్షి గెలిచింది. ఆ రోజు ఓడిన ఐసులూ 2019లో ప్రపంచ చాంపియన్ అయింది, టోక్యోలో రజతం, పారిస్‌లో కాంస్యం సాధించింది. ఆమె తర్వాత కిర్గిజ్ ఊళ్లలో ఆడపిల్లల కుస్తీ తరగతులు వింతగా చూసే విషయం కాకుండా పోయింది.

యూఎఫ్‌సీ అనే మిశ్రమ యుద్ధకళల పోటీలు చూసేవాళ్లకు తెలిసిన వాలెంటీనా షెవ్‌చెంకో కూడా బిష్కెక్‌లో పుట్టిన మనిషే.

ఫుట్‌బాల్, మంచు ఆటలు?

ఫుట్‌బాల్‌కు ఆదరణ బాగా ఉంది. 2019లో మొదటిసారి ఆసియా కప్ ఆడి నాకౌట్‌కు చేరారు, అక్కడ యూఏఈతో అదనపు సమయంలో 2-3తో ఓడారు. స్కీయింగ్‌కు కరకోల్ కేంద్రం ప్రసిద్ధి, సోవియట్ కాలంలో క్రీడాకారులు శిక్షణకు వచ్చేవారు. పర్వతారోహకులకు 7134 మీటర్ల లెనిన్ శిఖరం, 7439 మీటర్ల జెంగిష్ చోకుసు ఉన్నాయి. రెండోదాని జోలికి అనుభవం లేనివాళ్లు పోకూడదు. గుర్రం నుంచి ఇవన్నీ దూరం కాబట్టి ఇంతటితో వదిలేద్దాం.

మేం గుర్రం ఎక్కొచ్చా? ముందెప్పుడూ ఎక్కలేదు.

ఎక్కొచ్చు. కోచ్‌కోర్, కరకోల్ వంటి ఊళ్లలో సముదాయ పర్యాటక కార్యాలయాలు గుర్రాన్నీ, దారి చూపేవాణ్నీ కలిపి ఇస్తాయి. సోన్-కుల్ సరస్సుకు చాలామంది ఇలాగే వెళ్తారు. అది 3016 మీటర్ల ఎత్తున ఉంది, కాబట్టి జూన్ నుంచి సెప్టెంబరు మొదటి వారాల దాకానే అనుకూలం. తలనొప్పితో పాటు వాంతులు మొదలైతే మాత్రలు వేసుకుని పడుకోవడం కాదు, కిందికి దిగాలి.

ఎక్కేముందు కడుపు కింది పట్టీ చూడండి. రెండు వేళ్లు దూరేంత బిగువు ఉండాలి. గుర్రాలకు ఒక టక్కు తెలుసు. పట్టీ బిగించేటప్పుడు కడుపు ఉబ్బిస్తాయి, పావుగంట నడిచాక వదులు చేస్తాయి. అప్పుడు జీను పక్కకు తిరుగుతుంది, దాంతోపాటు మీరూ తిరుగుతారు. పదిహేను నిమిషాలకు దిగి మళ్లీ బిగించమని అడగండి, ఏమీ అనుకోరు. 

రికాబు పొడవు కొలవడం సులువు. వేళ్ల కొసలు జీను దగ్గరి బకిల్‌కు ఆనించి చేయి చాపితే రికాబు చంకలోకి రావాలి. పాదం ముందుభాగమే రికాబులో పెట్టాలి, మడమ కిందికి. పాదం మొత్తం దూర్చితే పడ్డప్పుడు ఇరుక్కుని ఈడ్చుకుపోతుంది. గుర్రం మీద జరిగే ఘోరాల్లో ఇదే మొదటిది. మడమ ఉన్న బూట్లు వేసుకోండి, చెప్పులు వద్దు.

పగ్గాలు ఒంటిచేత్తో పట్టుకుంటారు. ఎటు వెళ్లాలో అటు చేయి జరిపితే చాలు, లాగక్కర్లేదు. కదలాలంటే ‘చూ’ అనాలి, ఆగాలంటే నాలుక అదిలిస్తూ ‘ద్ర్‌ర్‌ర్’ అనాలి. మెత్తగా అంటే అది గడ్డి మేస్తూ నిలబడుతుంది. రౌతు మెత్తనైతే గుర్రం మూడుకాళ్ల మీద నడుస్తుందన్న మన సామెత అక్కడి గుర్రాలకు కూడా తెలుసు.

గుర్రం మీద కూర్చుని ప్లాస్టిక్ రెయిన్‌కోటు విప్పి తొడుక్కోవద్దు. ఆ గలగలకు ఎంతటి సాధువైన గుర్రమైనా బెదిరి దౌడు తీస్తుంది. మబ్బు పట్టగానే దిగి, వేసుకుని, మళ్లీ ఎక్కండి. వాగులు ఉదయం దాటండి, మధ్యాహ్నానికి మంచు కరిగి నీళ్లు పెరుగుతాయి. శిరస్త్రాణం అక్కడ ఇస్తారని నమ్మకం లేదు, సైకిల్‌దైనా వెంట తీసుకెళ్లండి. బీమాలో గుర్రపుస్వారీకి వర్తింపు ఉందో లేదో బయల్దేరకముందే చదవండి, చాలా పాలసీల్లో ఉండదు.

జైలూ మీద దిగగానే కుమిస్ ఇస్తారు. పులిసిన ఆడగుర్రం పాలు, కొద్దిగా మత్తు ఉంటుంది, పుల్లగా పొగవాసనగా ఉంటుంది. మొదటిరోజు అరగిన్నె చాలు. కడుపు అలవాటు పడకముందు గటగటా తాగితే రాత్రంతా గుడారం బయటే.

గుర్రం లేకుండా ఆడే పాత ఆటలు ఏవి?

ఓర్దో ఒకటి. మాటకు అర్థం ఖాన్ విడిది. నేలమీద సుమారు 15 మీటర్ల వలయం గీసి, మధ్యలో గొర్రె చీలమండ ఎముకలు, నడుమ ‘ఖాన్’ను పెడతారు. ఎముకను చూకో అంటారు. పశువు పెద్ద ఎముక తోంపోయ్‌తో కొట్టి వాటిని గీత దాటించాలి. మన గోలీలాటను పెద్దవాళ్లు కోట ముట్టడిలా ఆడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

రెండోది తొగుజ్ కొర్గూల్. ఇది మన వామనగుంటలకు దూరపు చుట్టం. 2020లో యునెస్కో జాబితాలో చేరింది.

తొగుజ్ కొర్గూల్ ఇంట్లో ఆడుకోవచ్చా? నియమాలేమిటి?

హాయిగా. వామనగుంటల పీట సరిపోదు, దానికి వైపుకు ఏడే గుంటలు. ఇక్కడ తొమ్మిది. నేలమీద సుద్దముక్కతో రెండు వరసల్లో తొమ్మిదేసి గళ్లు గీయండి. ఒక్కో గడిలో తొమ్మిది చింతపిక్కలు, మొత్తం 162. గెలిచినవి వేసుకోవడానికి ఇద్దరికీ చెరో గిన్నె, దాని పేరూ కజానే. ఎవరి గళ్లకు వాళ్ల ఎడమ నుంచి 1 మొదలు 9 దాకా అంకెలు.

మీ వరసలో ఏదైనా గడిలోని పిక్కలన్నీ తీసి, మొదటిది అదే గడిలో వదిలి, మిగతావి కుడివైపుగా ఒక్కొక్కటి పంచుకుంటూ వెళ్లాలి. మీ గళ్లు అయిపోతే ఎదుటివారి 1 నుంచి కొనసాగుతుంది. గడిలో ఒక్క పిక్కే ఉంటే దాన్ని పక్క గడిలోకి జరపాలి. చివరి పిక్క ఎదుటివారి గడిలో పడి అక్కడి లెక్క సరిసంఖ్య అయితే ఆ గడి మొత్తం మీ గిన్నెలోకి. బేసి అయితే ఏమీ రాదు. వామనగుంటల్లోలా తర్వాతి గుంట తీసి మళ్లీ పంచడం లేదు. మనవాళ్లు అలవాటుకొద్దీ చేసే మొదటి తప్పు అదే.

ఒక ఎత్తు చూడండి. మీరు 7 ఎత్తారు. 7లో ఒకటి మిగిలి, 8, 9 గళ్లలో పదేసి అయ్యాయి, మిగతా ఆరూ ఎదుటివారి 1 నుంచి 6 దాకా పడ్డాయి. చివరిది పడ్డ ఆరో గడిలో 9 కాస్తా 10 అయింది, సరిసంఖ్య. పది మీవి. ఇప్పుడు ఎదుటివారు తొందరపడి 9 ఎత్తితే చివరి పిక్క మీ ఎనిమిదో గడిలో పడుతుంది. అక్కడ ఇప్పటికే 10 ఉన్నాయి, 11 అవుతాయి. బేసి, చెయ్యి ఖాళీ. అదే 5 ఎత్తితే పది పిక్కలు పంచి మీ ఐదో గడిలో ఆగుతారు, అక్కడ 10 అయి వాళ్లకు దక్కుతాయి. ఆటంతా ఈ లెక్కే. అసలు మొదటి ఎత్తులో 1 తప్ప ఏ గడి తీసినా పది వస్తాయి.

చివరి పిక్కతో ఎదుటివారి గడిలో సరిగ్గా మూడు అయితే ఆ మూడూ మీకొస్తాయి, ఆ గడి మీ ‘తూజ్’ అవుతుంది. ఆపైన అందులో ఎవరు వేసిన పిక్కైనా మీదే. షరతులు మూడు: ఆటకు ఒక్కరికి ఒక్కటే తూజ్, తొమ్మిదో గడిని చేసుకోకూడదు, ఎదుటివారికి మీ వరసలో ఏ అంకె గడి తూజ్‌గా ఉందో అదే అంకెను మీరు తీసుకోకూడదు. గుర్తుకు పక్కన అగ్గిపుల్ల పెట్టండి.

82 పిక్కలు ముందు చేరినవారిదే గెలుపు, 81-81 అయితే సమం. ఒక్కో గడిలో ఇరవై దాటి పిక్కలు పేరుకునే సందర్భాలొస్తాయి కాబట్టి గళ్లు జానెడు వెడల్పుకు తగ్గకుండా గీయండి.